కరువు సీమలో పుష్కిన్ పండుగ

చిత్రావతి ఒడ్డున ఉన్న పుట్టపర్తి వీధుల్లో నడిచినవాళ్లకు ఒక సంగతి కళ్లబడే ఉంటుంది. దుకాణాల బోర్డుల మీద తెలుగు, ఇంగ్లీషు అక్షరాల పక్కన రష్యన్ అక్షరాలు కూడా ఉంటాయి. బట్టల అంగడిలో, పండ్ల బండి దగ్గర, ఆటో స్టాండులో రష్యన్ మాటలు వినిపిస్తాయి. సోవియట్ యూనియన్ కూలిపోయిన తర్వాత, 1990ల నుంచి, రష్యా, ఉక్రెయిన్, కజకిస్తాన్ వంటి దేశాల నుంచి సత్యసాయి భక్తులు పెద్ద సంఖ్యలో ఇక్కడికి రావడం మొదలైంది. కొందరు వారం పది రోజులుండి వెళ్లేవారు. కొందరు గది అద్దెకు తీసుకుని నెలల తరబడి ఉండేవారు. 2011లో సత్యసాయి కన్నుమూసిన తర్వాత రద్దీ తగ్గింది గానీ, రాకపోకలు ఆగలేదు.

ఈ వచ్చినవాళ్ల గురించి మనం మాట్లాడుకునేటప్పుడు భక్తి గురించి మాట్లాడతాం, లేకపోతే వ్యాపారం గురించి మాట్లాడతాం. వాళ్లు వెంట తెచ్చుకున్న సాహిత్యం గురించి, పాట గురించి, నాటకం గురించి మాట్లాడింది తక్కువ. ఈ రోజు నా ప్రసంగం దాని గురించే. ఒక జాతి సాహిత్యం పరాయి నేల మీద బతకాలంటే ఇద్దరు కావాలి. దాన్ని గుండెలో పెట్టుకుని వచ్చిన వలస మనిషి ఒకరు. చెవి ఒగ్గి వినే ఊరి మనిషి మరొకరు. అనంతపురం సీమలో ఆ ఇద్దరూ ఉన్నారు. వాళ్లిద్దరికీ ఇంకా సరైన పరిచయం జరగలేదు. ఆ పరిచయం జరగాలని నా కోరిక.

ముందు వచ్చినవాళ్ల సంగతి చూద్దాం. రష్యన్ బడిలో చదువుకున్న పిల్లలకు పద్యాలు కంఠస్థం చేయిస్తారు. మనం చిన్నప్పుడు వేమన పద్యాలు, సుమతీ శతకం నోటికి పట్టినట్టే వాళ్లు అలెగ్జాండర్ పుష్కిన్ కవితలు నోటికి పడతారు. పుష్కిన్ 1799లో పుట్టాడు. 1837లో, ముప్ఫయ్యేడేళ్ల వయసులో, ద్వంద్వ యుద్ధంలో తగిలిన తూటా గాయంతో పోయాడు. ఆ కొద్ది కాలంలోనే ఆధునిక రష్యన్ సాహిత్య భాషకు ఒక రూపం ఇచ్చాడు. ఇంట్లో ఉన్న దాది అరీనా రొదియోనొవ్నా చెప్పిన జానపద కథలు ఆయనకు పెద్ద సంపద. రాజుల కొలువు భాష, దాది నోటి భాష ఆయన కవిత్వంలో కలిసిపోయాయి. అందుకే ఆయన పుట్టినరోజు జూన్ 6ను రష్యన్ భాషా దినోత్సవంగా జరుపుతారు. ఐక్యరాజ్యసమితి కూడా 2010 నుంచి ఆ రోజును అలాగే పాటిస్తోంది.

రష్యన్ కుటుంబాలు ఏ దేశంలో స్థిరపడినా, నలుగురు కలిసిన చోట ఈ పండుగ ఉంటుంది. దానికి పెద్ద వేదిక అక్కర్లేదు. ఒకరు పుష్కిన్ కవిత చెబుతారు. ఒకరు గిటారు అందుకుని పాట పాడతారు. పిల్లలు బంగారు చేప కథను చిన్న నాటకంగా వేస్తారు. చెన్నైలోని రష్యన్ హౌస్‌లో పుష్కిన్ జయంతి ఏటా జరిగే కార్యక్రమం. పుట్టపర్తిలో రష్యన్ భక్తులు పాడటం, వాద్యాలు వాయించడం, క్రిస్మస్ సమయంలో విదేశీ భక్తుల బృందగానంలో గొంతు కలపడం స్థానికులకు తెలిసినవే. ఇల్లు వదిలి వేల మైళ్లు వచ్చిన మనిషికి తన భాషలో పాడుకోవడం ఊపిరి తీసుకోవడంతో సమానం. గల్ఫ్‌లో ఉన్న మన కడప, అనంతపురం కూలీలు శుక్రవారం సెలవునాడు గదిలో కూర్చుని పాడుకునే పాటల సంగతి తెలిసినవాళ్లకు ఇది వేరే చెప్పనక్కర్లేదు.

ఇక్కడ ఒక మాట స్పష్టంగా చెప్పుకోవాలి. రష్యన్ మాట్లాడేవాళ్లంతా రష్యన్లు కారు. రష్యన్ సాహిత్యాన్ని రాసినవాళ్లంతా కూడా రష్యన్లు కారు. గొగోల్ ఉక్రెయిన్ నేల మీద పుట్టాడు. చింగీజ్ ఐత్‌మాతొవ్ కిర్గిజ్ పల్లె బిడ్డ. 2022లో ఉక్రెయిన్ మీద రష్యా పూర్తి స్థాయి యుద్ధానికి దిగాక ఆ దేశాల ప్రజల మధ్య మానని గాయాలు పడ్డాయి. ఆ బాధ పుట్టపర్తి వరకూ వచ్చిన మనుషుల్లోనూ ఉంటుంది. కాబట్టి పుష్కిన్ పండుగ అంటే ఒక ప్రభుత్వానికి జేజేలు కొట్టడం కాదు. యుద్ధాన్ని అసహ్యించుకున్న టాల్‌స్టాయ్‌ని, పేదవాడి కన్నీటిని రాసిన చెహోవ్‌ని తలుచుకోవడం.

ఇప్పుడు వినేవాళ్ల సంగతికి వద్దాం. పుట్టపర్తికి రష్యన్లు రాకముందే, అనంతపురం జిల్లాకు రష్యన్ సాహిత్యం వచ్చేసింది. అదీ తెలుగులో వచ్చింది. తరిమెల గ్రామంలో పుట్టిన విద్వాన్ విశ్వం, అదే ఊరివాడైన తరిమెల నాగిరెడ్డితో కలిసి స్వాతంత్ర్యానికి ముందే అనంతపురంలో నవ్య సాహిత్యమాల అనే ప్రచురణ సంస్థ నడిపారు. కొత్త ఆలోచనలను చిన్న చిన్న పుస్తకాలుగా జనం చేతికి అందించాలన్నది వాళ్ల తపన. ఆ కాలంలోనే తెలుగునాట మరోచోట క్రొవ్విడి లింగరాజు గోర్కీ రాసిన అమ్మ నవలను తెలుగు చేశారు. ఆ తర్వాత రెంటాల గోపాలకృష్ణ, బెల్లంకొండ రామదాసు కలిసి టాల్‌స్టాయ్ యుద్ధము-శాంతిని తెలుగులోకి తెచ్చారు. శ్రీశ్రీ చెహోవ్ చివరి నాటకం చెర్రీ తోటను సంపంగి తోటగా మన వాకిట్లో నాటాడు.

ఆ తర్వాత మాస్కో నుంచే తెలుగు పుస్తకాలు రావడం మొదలైంది. యాభై, అరవై ఏళ్ల వయసున్న శ్రోతలకు ఆ పుస్తకాలు గుర్తుండే ఉంటాయి. గట్టి అట్ట, లోపల రంగుల బొమ్మలు, కుదురైన కుట్టు. ధర చూస్తే కొద్ది రూపాయలే. ప్రగతి ప్రచురణాలయం, మాస్కో అని తెలుగు అక్షరాల్లో అచ్చయి ఉండేది. చివరి పేజీలో పాఠకులకు ఒక విజ్ఞప్తి ఉండేది. ఈ పుస్తకం మీకెలా ఉందో, అనువాదం ఎలా కుదిరిందో మాకు రాయండి అని అడిగి, 17, జూబొవ్‌స్కీ బుల్వార్, మాస్కో అనే చిరునామా ఇచ్చేవారు. ఆలోచించండి. వానలు లేక వేరుశనగ ఎండిపోతున్న పల్లెలో, లాంతరు వెలుగులో చదువుకుంటున్న హైస్కూలు పిల్లవాణ్ణి పట్టుకుని, నీ అభిప్రాయం మాకు కావాలి అని ఒక మహానగరం అడిగింది. ఆ మర్యాద ఆ తరం పాఠకులు మరిచిపోలేదు.

ఈ పుస్తకాలను పల్లె దాకా తెచ్చింది విశాలాంధ్ర వారి సంచార పుస్తకాలయం. బస్సు లాంటి వ్యాను ఊళ్లోకి వచ్చి బడి దగ్గరో, బస్టాండు దగ్గరో ఆగేది. తలుపు తీస్తే గోడలకు వరసగా పుస్తకాలు. పిల్లలకు రష్యన్ జానపద కథలు, పెద్దపిల్లలకు పెరెల్మాన్ రాసిన భౌతికశాస్త్రం పుస్తకాలు, పెద్దవాళ్లకు గోర్కీ, టాల్‌స్టాయ్, చెహోవ్, తుర్గేనెవ్. కొనలేనివాడు నిలబడి చదువుకున్నా ఎవరూ కాదనేవారు కారు. పుస్తకాల దుకాణం లేని ఊళ్లకు ఆ వ్యానే దుకాణం, అదే గ్రంథాలయం.

మరి మాస్కోలో కూర్చుని వీటిని తెలుగు చేసిందెవరు? ఇక్కడే మన కథ వలస కథగా మారుతుంది. చలి దేశానికి వెళ్లి, మాస్కోలో కాపురం పెట్టి, పగలంతా రష్యన్ సాహిత్యాన్ని తెలుగులోకి మోసిన తెలుగువాళ్లు కొందరున్నారు. వాళ్లది చిన్న తెలుగు కాలనీ. బరంపురంలో పుట్టిన ఉప్పల లక్ష్మణరావు వృక్షశాస్త్రవేత్త, అతడు-ఆమె నవలా రచయిత. ఆయన 1950ల చివర్లో మాస్కో చేరి ఏళ్ల తరబడి అనువాదాలు చేశారు. తన జీవితాన్ని బతుకు పుస్తకం అనే పేరుతో రాసుకున్నారు. మన పక్క జిల్లా కడప నుంచి, పులివెందుల ప్రాంతపు పైడిపాలెం నుంచి రాచమల్లు రామచంద్రారెడ్డి వెళ్లారు. తెలుగు పాఠకులు ఆయన్ని రా.రా. అంటారు. సంవేదన పత్రికను నడిపిన విమర్శకుడు. మొహమాటం లేని మనిషి. ఎంత పెద్ద రచయితనైనా నిలదీసేవారు. 1970లలో ఆయన మాస్కోలో అనువాదకుడిగా పనిచేశారు.

రా.రా. అక్కడ చేసిన పని ఉద్యోగంతో ముగిసిపోలేదు. అనువాదం చేస్తున్నప్పుడు ఎదురైన చిక్కులన్నిటినీ ఆయన ఆలోచనలో పెట్టుకున్నారు. మూలంలో ఉన్న వాక్యాన్ని మక్కీకి మక్కీ దించితే తెలుగు ఎందుకు చచ్చిపోతుందో, సామెత ఎదురైనప్పుడు ఏం చేయాలో, పల్లెటూరి పాత్ర మాటతీరును ఎలా నిలబెట్టాలో ఉదాహరణలతో సహా రాశారు. ఆ పుస్తకం పేరు అనువాద సమస్యలు. దానికి 1988లో కేంద్ర సాహిత్య అకాడమీ పురస్కారం వచ్చింది. ఆ ఏడాదే ఆయన కన్నుమూశారు. తెలుగులో అనువాదం మీద ఈనాటికీ మొదట చదవాల్సిన పుస్తకం అదే. రాయలసీమ మెట్ట పల్లెలో పుట్టినవాడు మాస్కోలో సంపాదించిన అనుభవం అలా తెలుగు జాతి ఆస్తి అయింది.

ఇటు నుంచి వాళ్లు వెళ్లినట్టే, అటు నుంచి తెలుగు వైపు వచ్చినవాళ్లూ ఉన్నారు. జినైదా పెత్రునిచెవా తెలుగు నేర్చుకుని, తెలుగు భాషను రష్యన్లకు వివరిస్తూ 1960లో పుస్తకం రాశారు. ఆమె, స్వెత్లానా ద్జేనిత్, లెనిన్‌గ్రాడ్‌లో ద్రావిడ భాషలు బోధించిన నికిత గూరొవ్ కలిసి చేసిన తెలుగు-రష్యన్ నిఘంటువు 1972లో వెలువడింది. మాస్కో రేడియో చాలా ఏళ్లు తెలుగులో ప్రసారాలు చేసింది. రేడియో ముందు కూర్చుని మాట్లాడుతున్నాను కనుక ఆ సంగతి చెప్పకుండా ఉండలేను. షార్ట్‌వేవ్ మీద ముల్లు అటూ ఇటూ తిప్పుతూ, గరగరల మధ్య నుంచి మాస్కో పలికే తెలుగును పట్టుకున్న శ్రోతలు ఈ జిల్లాలో ఇప్పటికీ ఉంటారు.

1991లో సోవియట్ యూనియన్‌తో పాటు ఆ ప్రచురణలూ ఆగిపోయాయి. తర్వాత పీకాక్ క్లాసిక్స్, మంచి పుస్తకం వంటి హైదరాబాదు సంస్థలు కొన్నింటిని మళ్లీ అచ్చువేసి కొత్త తరానికి అందించాయి. చిత్రమేమిటంటే, పుస్తకాలు రావడం ఆగిన కాలంలోనే మనుషులు రావడం మొదలైంది. పుస్తకాలను అంత ప్రేమతో చదివిన సీమకు, ఆ పుస్తకాల భాష మాట్లాడే మనుషులు తమంతట తామే వచ్చారు.

ఈ మెట్ట సీమ పాఠకుడికి రష్యన్ సాహిత్యం అంతగా ఎందుకు పట్టింది? చౌకగా దొరికినందువల్ల మాత్రమే అంటే నేను ఒప్పుకోను. చౌకగా దొరికినవన్నీ మనసులో నిలవవు. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నమ్మకంగా పడని జిల్లా మనది. కరువు మన ఇంటి మనిషిలా కూర్చుంది. ఆ కరువును రష్యన్ రచయితలు కళ్లారా చూశారు, చేతులారా ఎదుర్కొన్నారు.

1891లో రష్యాలో వోల్గా ప్రాంతంలో, నడిమి జిల్లాల్లో పంటలు పోయి భయంకరమైన కరువు వచ్చింది. అప్పటికి టాల్‌స్టాయ్ ప్రపంచ ప్రసిద్ధుడు, అరవై దాటినవాడు. ఇంట్లో కూర్చుని వ్యాసం రాసి ఊరుకోవచ్చు. ఆయన తన కూతుళ్లను వెంటబెట్టుకుని రియజాన్ ప్రాంతంలోని బెగీచెవ్కా అనే పల్లెకు వెళ్లి మకాం వేశారు. ఊరూరా అన్నశాలలు తెరిచారు. రొట్టె, కూర, కాచుకోవడానికి కట్టెలు, పశువులకు మేత, మళ్లీ విత్తుకోవడానికి గింజలు అన్నిటి లెక్కా ఆయన చూశారు. ఆయన భార్య సోఫియా పత్రికల్లో విజ్ఞప్తి రాసి విరాళాలు సేకరించారు. మరుసటి ఏడాదికి ఆ అన్నశాలలు రెండు వందలు దాటాయి. రోజుకు వేలమంది తిన్నారు. చెహోవ్ కూడా 1892లో కరువు ప్రాంతాలకు వెళ్లి, రైతులు తిండి కోసం పశువుల్ని తెగనమ్ముకోకుండా ఆపే ప్రయత్నాల్లో పాల్గొన్నారు.

రైతు ఎద్దును అమ్ముకుంటే వచ్చే ఏడు దుక్కి లేదు. దుక్కి లేకపోతే తిరిగి కరువే. ఈ సంగతి అనంతపురం రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. 1876-78 నాటి ధాత కరువు నుంచి, 1950ల తొలి ఏళ్లలో రాయలసీమలో గంజి కేంద్రాలు తెరిచిన రోజుల దాకా మనకు అదే అనుభవం. ఆ గంజి కేంద్రాల కాలపు దుఃఖమే విద్వాన్ విశ్వం చేత 1956లో పెన్నేటి పాట రాయించింది. ఆ తర్వాత సింగమనేని నారాయణ రైతు కథలు, బండి నారాయణస్వామి నవలలు అదే నేలలోంచి మొలిచాయి. బెగీచెవ్కాలో టాల్‌స్టాయ్ చేసిన పనిని, విశ్వం పెన్నేటి పాటను పక్కపక్కన పెట్టి చూస్తే ఆకలికి ఎల్లలు లేవని తెలుస్తుంది.

ఐత్‌మాతొవ్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి. ఆయన కథలు తెలుగులో వచ్చినప్పుడు సీమ పాఠకులు గుండెకు హత్తుకున్నారు. ఆయన రాసిన తల్లీ భూదేవిలో తొల్గనాయ్ అనే ముసలి తల్లి పొలంతో మాట్లాడుతుంది. యుద్ధం ఆమె భర్తను, ముగ్గురు కొడుకులను మింగేసింది. మిగిలిన కోడలు కాన్పులో పోయింది. మనవణ్ణి పెంచుకుంటూ, ఎవరితోనూ చెప్పుకోలేని దుఃఖాన్ని ఆమె మడిచెక్కతో చెప్పుకుంటుంది. నేల ఆమెకు బదులు చెబుతుంది. జమీల్యా కథలో మగవాళ్లంతా యుద్ధానికి పోతే ఆడవాళ్లు, పిల్లలు ధాన్యం బండ్లు తోలుకుని రైల్వే స్టేషనుకు వెళతారు. మగవాళ్లు బెంగళూరుకు కూలికి పోయి, ముసలివాళ్లూ ఆడవాళ్లూ మిగిలిన పల్లెలు మన మడకశిర వైపు, కదిరి వైపు ఎన్ని లేవు? అక్కడి తల్లికి తొల్గనాయ్ పరాయి మనిషి కాదు.

ఇక నాటకం సంగతి. మాట దాటి మనిషి ముందు నిలబడేది రంగస్థలం. మన దేశానికి వలస వచ్చిన తొలి రష్యన్ కళాకారుల్లో గెరాసిం లెబెదెవ్ పేరు గర్వంగా చెప్పుకోవాలి. ఆయన వయొలిన్ విద్వాంసుడు. 1785లో మద్రాసులో దిగి రెండేళ్లు సంగీతం వినిపించాడు. తర్వాత కలకత్తా వెళ్లి బెంగాలీ నేర్చుకున్నాడు. 1795 నవంబర్ 27న అక్కడ సొంత నాటకశాలలో బెంగాలీ నటీనటులతో బెంగాలీ నాటకం ఆడించాడు. ఆడవేషాలు ఆడవాళ్లే వేశారు. ఒక పరదేశి, తాను వచ్చిన చోటి భాషలోనే నాటకం కట్టి ఆ ఊరివాళ్లకు కానుకగా ఇచ్చాడు. వలస వచ్చినవాడు తన కళను దాచుకోలేదు, ఆ ఊరి కళను తక్కువ చేయలేదు. ఆయన్ని మించిన ఆదర్శం నాకు కనబడదు.

అదే పట్టుదలతో నూరేళ్ల తర్వాత మన తాడిపత్రి బిడ్డ పనిచేశాడు. బళ్లారి రాఘవ 1880లో తాడిపత్రిలో పుట్టాడు. వృత్తికి న్యాయవాది. నాటకమంటే రాగం తీయడమే అనుకునే రోజుల్లో, పాత్ర ఎలా ఆలోచిస్తుందో అలా మాట్లాడాలి, అలా నడవాలి అని పట్టుబట్టాడు. స్త్రీ పాత్రలు స్త్రీలే వేయాలని వాదించాడు. సరిగ్గా ఆ తరంలోనే మాస్కోలో నాటక దర్శకుడు స్తానిస్లావ్‌స్కీ ఇదే తపస్సు చేశాడు. 1896లో పీటర్స్‌బర్గ్‌లో ఘోరంగా విఫలమైన చెహోవ్ నాటకం సీగల్‌ను, 1898లో కొత్తగా పెట్టిన మాస్కో ఆర్ట్ థియేటర్ సహజ నటనతో ఆడి గెలిపించింది. తాడిపత్రి మనిషికీ మాస్కో మనిషికీ ముఖపరిచయం ఉందని నేననను. ఇద్దరూ వెతికింది ఒకే నిజం అంటాను. అనంతపురంలో రష్యన్ నాటకం ఆడాలంటే రాఘవ పుట్టిన జిల్లా కంటే తగిన చోటు ఏది?

తోలుబొమ్మలాట సంగతీ అంతే. ధర్మవరం దగ్గర నిమ్మలకుంట ఊరు తోలుబొమ్మలకు పెట్టింది పేరు. మేక తోలును వెలుతురు దూరేంత పలచగా గీకి, రంగులద్ది, నగల చోట సన్నని రంధ్రాలు పొడిచి రాముణ్ణి, హనుమంతుణ్ణి నిలబెడతారు. తెర వెనక దీపం పెడితే ఆ రంధ్రాలు నగల్లా మెరుస్తాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. రష్యాలోనూ పెత్రూష్కా అనే బొమ్మ సంతల్లో జనాన్ని నవ్విస్తూ శతాబ్దాలు బతికింది. 1931లో సెర్గేయ్ ఒబ్రజ్‌త్సొవ్ మాస్కోలో బొమ్మలాటకు ప్రత్యేక నాటకశాల ప్రారంభించి, దాన్ని ప్రపంచ ప్రసిద్ధం చేశారు. బొమ్మలాటను అక్కడ నగర కళగా నిలబెట్టుకున్నారు. నిమ్మలకుంటలో ఆట తగ్గి, అదే తోలు మీద దీపాల షేడ్లు చేసి బతుకుతున్న కుటుంబాలున్నాయి. పుట్టపర్తికి, నిమ్మలకుంటకు మధ్య దూరం ఎంతో లేదు. ఒక రష్యన్ జానపద కథను నిమ్మలకుంట కళాకారులు తోలుబొమ్మలాటగా ఆడితే, చూడటానికి రష్యన్ పిల్లలూ వస్తారు, మన పిల్లలూ వస్తారు. ఆ కుటుంబాలకు ఆట మీద నాలుగు డబ్బులూ వస్తాయి.

ఇంకొక పాత సంగతి వినండి. 1910లో గాంధీజీ దక్షిణాఫ్రికాలో, జొహానెస్‌బర్గ్‌కు 21 మైళ్ల దూరంలో, మిత్రుడు కాలెన్‌బాక్ ఇచ్చిన 1,100 ఎకరాల్లో సత్యాగ్రహుల కుటుంబాల కోసం ఒక క్షేత్రం ఏర్పాటు చేశారు. దానికి టాల్‌స్టాయ్ క్షేత్రం అని పేరు పెట్టారు. అక్కడ ఉన్నవాళ్లలో గుజరాతీలు, తమిళులు, ఉత్తరాదివాళ్లతో పాటు ఆంధ్రదేశం వాళ్లూ ఉన్నారని గాంధీజీ స్వయంగా రాశారు. పొట్ట చేతపట్టుకుని సముద్రం దాటిన తెలుగు కుటుంబాలు, ఒక రష్యన్ రచయిత పేరున్న నేల మీద తమ చేతులతో వండుకుని, దున్నుకుని, పిల్లలకు చదువు చెప్పించుకుని బతికాయి. వలసకూ సాహిత్యానికీ మధ్య ఉన్న బంధానికి ఇంతకన్నా గొప్ప సాక్ష్యం మన చరిత్రలో లేదు. అప్పుడు పరాయి దేశంలో మనవాళ్లకు టాల్‌స్టాయ్ నీడ దొరికింది. ఇప్పుడు మన సీమకు వచ్చిన టాల్‌స్టాయ్ భాష మనుషులకు వేమన నీడ ఇవ్వడం మన బాధ్యత.

వేమన పేరు ఊరికే ఎత్తలేదు. వేమన సమాధి ఉన్న కటారుపల్లి కదిరి దగ్గరే ఉంది. 2022లో కొత్తగా ఏర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో కటారుపల్లీ, పుట్టపర్తీ, నిమ్మలకుంటా మూడూ ఉన్నాయి. జనం నోటిలో బతుకుతున్న కవి మనకు వేమన, వాళ్లకు పుష్కిన్. ఇద్దరి పద్యాలూ ఒకే వేదిక మీద వినిపించే అవకాశం తెలుగునాట ఇంకే జిల్లాకు ఇంత సులువుగా దొరకదు.

అందుకే చివరిగా మీకు కొన్ని విన్నపాలు. ఇంటి అటక మీద, పాత ట్రంకు పెట్టెలో మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకాలు ఉంటే పాత కాగితాలవాడికి తూకం వేయకండి. దుమ్ము దులిపి మీ ఊరి శాఖా గ్రంథాలయానికో, అనంతపురం జిల్లా కేంద్ర గ్రంథాలయానికో ఇవ్వండి. లోపలి పేజీలో అనువాదకుడి పేరు ఉంటుంది. దాన్ని పిల్లలకు చదివి వినిపించండి. ఆ పేర్లు మరుగున పడకూడదు.

ఉపాధ్యాయులకు ఒక మాట. టాల్‌స్టాయ్ తన ఊరు యాస్నయా పొల్యానాలో రైతుబిడ్డల కోసం బడి పెట్టి, వాళ్ల కోసమే చిన్న చిన్న కథలు రాశారు. అవి మన అయిదో తరగతి పిల్లలకు సులువుగా అర్థమవుతాయి. వారానికి ఒకటి చదివించండి. తర్వాత దాన్నే పిల్లల చేత నాటికగా వేయించండి. దుస్తులు, రంగులు లేకపోయినా ఫరవాలేదు.

పుట్టపర్తిలో ఉన్న రష్యన్ భాషా సోదరసోదరీమణులకు ఒక ఆహ్వానం. మీ పాటలు గదిలో పాడుకోవడంతో ఆపకండి. ఊళ్లోకి రండి. మీ కవుల్ని మేం తెలుగులో చదివాం. ఇక మీ గొంతులో విందాం.

జూన్ 6 ఏటా వస్తుంది. తొలకరి కోసం ఎదురుచూసే రోజులవి. బడులు తెరిచే వేళ. ఈసారి ఆ రోజు సాయంత్రం అనంతపురంలో, పుట్టపర్తిలో, కదిరిలో, తాడిపత్రిలో ఒక్కొక్క గ్రంథాలయంలో ఒక గంట సమయం కేటాయించండి. ఒక రష్యన్ కవిత, దానికి తెలుగు అనువాదం, ఒక వేమన పద్యం, పెన్నేటి పాట నుంచి ఒక భాగం చదవండి. ఖర్చు లేని పండుగ ఇది. పదిమంది వచ్చినా చాలు, మొదలుపెట్టండి. మన సీమకు పుస్తకాలై వచ్చినవాళ్లనూ, మనుషులై వచ్చినవాళ్లనూ ఒక చోట కలిపే పని మనదే. ఆ పనికి మీరంతా పూనుకోవాలని కోరుతున్నాను.